చెవి మిషను నామోషీ కాదు

కంటికి మసక వస్తే అద్దాలు పెట్టుకుంటాం. ఎవరూ నవ్వరు. చెవికి వినికిడి తగ్గితే మాత్రం దాచుకుంటాం. ఎందుకు? "చెవిటిది" అంటారని భయం.

"తలుపు తీయి అత్తా" అని కోడలు పిలుస్తుంది. "కలుపా? నిన్ననే తీస్తిమి కదమ్మీ" అంటుంది అత్త. ఇంట్లో అందరూ నవ్వుతారు. అత్త నవ్వదు. ఆ రోజు నుంచి నలుగురిలో మాట్లాడటం తగ్గిస్తుంది. పొదుపు సంఘం సమావేశంలో అప్పు ఎంత, వడ్డీ ఎంత అన్నది సరిగా వినపడదు. మళ్లీ అడగాలంటే సిగ్గు. అందరూ తల ఊపితే తానూ ఊపుతుంది.

మనం వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నాం. కానీ ఏం చెప్పారో వినపడకుండా సంతకం పెడితే ఎంత నష్టం!

ఇది ఒక్కరి బాధ కాదు. వైద్యం, మిషను వంటి సాయం కావాల్సినంత వినికిడి లోపం ఉన్నవారు ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వినికిడి ఎందుకు తగ్గుతుంది?

కొందరికి చెవిలో గులిమి గట్టిపడి దారి మూసుకుపోతుంది. కొందరికి చీము కారి, చెవి పొరకు రంధ్రం పడుతుంది. మరికొందరికి వయసు మీద పడి లోపలి సన్నని కణాలు దెబ్బతింటాయి. పెద్ద శబ్దాల మధ్య ఏళ్ల తరబడి పనిచేసినా ఇవి చచ్చిపోతాయి. చచ్చిన కణాలు మళ్లీ పుట్టవు.

ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు పేరు పొందిన ఊరు. రాయిని కోసే మిషను దగ్గరైనా, మిల్లులోనైనా రోజంతా పనిచేసేవారు చెవులకు రక్షణ పెట్టుకోవాలి.

గులిమిని డాక్టరు తీసేస్తారు. చీముకు మందులు ఉన్నాయి. చెవి పొరకు ఆపరేషను ఉంది. అలాంటి వారికి మిషను అక్కర లేకపోవచ్చు. అందుకే ముందు పరీక్ష, తర్వాతే మిషను.

చెవిలో కాచిన నూనె పోయవద్దు. పిన్నీసు, పుల్ల పెట్టవద్దు. ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా చెవి వినపడకుండా పోతే ఆలస్యం చేయవద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి.

పరీక్ష ఎలా చేస్తారు?

ఆళ్లగడ్డ నుంచి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవండి. వినికిడి పరీక్ష ఎక్కడ చేస్తారో, ఏ రోజు రావాలో అడగండి. అవసరమైతే కర్నూలు పెద్దాసుపత్రికి రాసిస్తారు.

ముందు లైటు వేసి చెవి లోపల చూస్తారు. తర్వాత చప్పుడు లేని గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెడతారు. సన్నని శబ్దాలు వస్తాయి. వినపడగానే చెయ్యి ఎత్తాలి, లేదా బటను నొక్కాలి. నొప్పి ఉండదు. ఇందులో పాసు, ఫెయిలు లేవు. వినపడకున్నా వినపడిందని చెబితే నష్టం మనకే.

చెవి వెనక ఎముక మీద చిన్న బిళ్ల పెట్టి కూడా పరీక్షిస్తారు. లోపం చెవి నడుమ ఉందా, లోపలి నరం వైపు ఉందా అన్నది దీంతో తెలుస్తుంది.

ఫలితం గీతల కాగితం మీద వేస్తారు. దాని పేరు ఆడియోగ్రామ్. ఎర్ర సున్నాలు కుడి చెవివి. నీలం ఇంటూ గుర్తులు ఎడమ చెవివి. గుర్తులు కిందికి పోయేకొద్దీ లోపం ఎక్కువ. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా! ఈ కాగితాన్నీ చదువుకోవచ్చు. దాన్ని భద్రంగా దాచండి.

మిషను ఎలా అమరుస్తారు?

చెవిలో మెత్తని ముద్ద పెట్టి అచ్చు తీస్తారు. ఆ కొలతతో చెవికి సరిపోయే బిరడా తయారవుతుంది. అది వదులైతే మిషను కీచుమంటుంది. ఆడియోగ్రామ్ చూసి శబ్దాన్ని సరిచేస్తారు. ఒకరి అద్దాలు ఇంకొకరికి పనికిరావు కదా! చెవి మిషను కూడా అంతే. పరీక్ష లేకుండా అంగట్లో కొంటే ఉన్న వినికిడి కూడా చెడవచ్చు.

మొదట్లో గిన్నెల చప్పుడు, ఫ్యాను చప్పుడు కూడా పెద్దగా వినపడతాయి. విసుగు పుట్టి పెట్టెలో పడేయవద్దు. మొదట రోజుకు గంటా రెండు గంటలు ఇంట్లోనే పెట్టుకోండి. మెల్లగా సమయం పెంచండి. కొన్ని వారాల్లో అలవాటవుతుంది. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే మళ్లీ వెళ్లి సరిచేయించుకోండి.

స్నానానికి, నిద్రకు ముందు మిషను తీయాలి. పొడి గుడ్డతో తుడవాలి. బ్యాటరీ బిళ్లలు పిల్లలకు అందనీయవద్దు. మింగితే ప్రాణానికే ముప్పు.

డబ్బు లేకపోతే?

వికలాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది. దాని పేరు అడిప్. 60 ఏళ్లు దాటిన పేదలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది. అది 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. అర్హులకు ఈ పథకాల కింద వినికిడి మిషన్లు ఉచితంగా ఇస్తారు. శిబిరం ఎప్పుడు పెడతారో సచివాలయంలో అడగండి. ఆధార్, ఆదాయ పత్రం, డాక్టరు కాగితాలు తీసుకుపోండి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

వెనక నుంచి అరవవద్దు. ఎదురుగా నిలబడి, ముఖం కనపడేలా, నిదానంగా మాట్లాడాలి. "ఏం లేదులే" అని మాట దాటేయవద్దు. ఆ ఒక్క మాటే మనిషిని ఒంటరిని చేస్తుంది.

పసిబిడ్డ చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాది దాటినా అత్తా, తాతా అనకపోయినా వెంటనే చూపించాలి. వినపడని బిడ్డకు మాటలు రావు. ఆరు నెలల లోపే మిషను పెడితే మాటలు బాగా వస్తాయి.

అక్కలారా! మీ ఇంట్లో, మీ సంఘంలో మాట మళ్లీ మళ్లీ అడిగేవారు ఎవరైనా ఉన్నారా? నవ్వకండి. తోడుగా ఆసుపత్రికి తీసుకుపోండి.