ఒక చక్రం గిర్రున... ఒకటి గమ్మున!

వానాకాలంలో ఎక్కడైనా కనిపించే దృశ్యమే. రోడ్డు పక్కకు దిగిన ఆటో బురదలో దిగబడుతుంది. డ్రైవర్ ఎంత రేజ్ చేసినా ఒక వెనక చక్రమే గిర్రున తిరుగుతూ, నెడుతున్న వాళ్ల బట్టల మీద బురద చిమ్ముతుంది. రెండో చక్రం గట్టి నేల మీదే ఉన్నా కదలకుండా నిలబడుతుంది. ‘ఇంజిన్‌లో దమ్ము లేదు’ అని తిట్టుకుంటారు. పాపం, ఇంజిన్ తప్పేమీ లేదు. వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ తీరే అంత.

అది లేకుండా బండి సాఫీగా తిరగలేదు మరి! వరంగల్ హైవే మీద డివైడర్ దగ్గర యూటర్న్ తీసుకునే జీపునే చూడండి. రెండు వెనక చక్రాల మధ్య నాలుగున్నర అడుగుల ఎడం ఉందనుకుంటే, బయటి చక్రం లోపలి దానికంటే దాదాపు 14 అడుగులు ఎక్కువ దొర్లాలి. అంటే సుమారు రెండు చుట్లు. రెంటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఏదో ఒక టైరు రోడ్డును రాసుకుంటూ ఈడ్చుకుపోవాల్సిందే. ఈ చిక్కుకు 1827లోనే ఫ్రాన్స్‌కు చెందిన ఒనెసిఫోర్ పెకర్ తన ఆవిరిబండి కోసం పరిష్కారం కనిపెట్టాడు. చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగినా, రెంటికీ సమానంగా బలం అందేలా పళ్లచక్రాలు అమర్చాడు. ఆ ‘సమానం’లోనే ఉంది తిరకాసు. బురదలో జారే చక్రానికి పెద్దగా బలం అక్కర్లేదు. అది తీసుకున్నంతే గట్టి నేల మీది చక్రానికీ దక్కుతుంది. ఇక బండి కదిలేదెలా?

మడమ కింద మంత్రం

ఈ సంగతి స్టేషన్ ఘన్‌పూర్ రైతులకు కొత్తగా చెప్పక్కర్లేదు. (ములుగు వైపు ఇంకో ఘన్‌పూర్ ఉంది కాబట్టి, రైల్వేస్టేషన్ ఉన్న ఈ ఊరికి ఆ పేరు. ఒకప్పటి వరంగల్ జిల్లా నుంచి 2016లో జనగామకు మారింది.) దేవాదుల నీళ్లు అందే ఈ ప్రాంతంలో నాట్ల కాలం వచ్చిందంటే ట్రాక్టర్లు కరిగెట్టులో దిగుతాయి. ఒక టైరు లోతుగా దిగబడగానే డ్రైవర్ సీటు కింద ఉన్న డిఫరెన్షియల్ లాక్ పెడల్‌ను మడమతో తొక్కుతాడు. దాంతో రెండు పెద్ద చక్రాలూ ఒక్కటైపోతాయి, బండి నేరుగా బయటికొస్తుంది.

కాకపోతే పెడల్ తొక్కి ఉంచి స్టీరింగ్ తిప్పితే ట్రాక్టర్ మాట వినదు. ముందుచక్రాలు పక్కకు తిరిగినా, వెనకవి తిన్నగా తోస్తూనే ఉంటాయి. గట్టి నేల మీద అయితే ఇరుసు మీద భారం పడి లోపలి పళ్లు విరగొచ్చు. అందుకే మలుపుకు ముందే కాలు తీసేయాలి. రోడ్డెక్కేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది మరొకటి ఉంది. పొలంలో విడివిడిగా వాడిన రెండు బ్రేకు పెడళ్లను కొక్కెంతో కలపాలి. అది మరిచి వేగంలో ఒక్క బ్రేకే తొక్కితే ట్రాక్టర్ ఒక్కసారిగా పక్కకు లాగేస్తుంది. ట్రాలీలో కూలీలున్నప్పుడు జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మధ్యేమార్గం

పూర్తిగా వదిలేయకుండా, పూర్తిగా బిగించకుండా ఉండేదే ‘లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్’. ఒక రకంలో చిన్నచిన్న క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఒక చక్రం జారబోతే ఇవి రాపిడితో దాన్ని కాస్త పట్టి, మిగతా బలాన్ని రెండోదానికి మళ్లిస్తాయి. అమెరికాలో 1956లోనే ప్యాకార్డ్ కార్లలో వచ్చింది. మన దగ్గర 2020లో 200 మాత్రమే అమ్మకానికి పెట్టిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్245లో దీని ఎలక్ట్రానిక్ రూపం ఉంది. మామూలు కుటుంబాలకు కాస్త చేరువైంది మాత్రం దీని దాయాది. 2021లో వచ్చిన బొలెరో నియో ఎన్10 ఆప్షన్ రకంలో, వెనక చక్రం జారగానే దానంతటదే బిగుసుకునే డిఫరెన్షియల్ పెట్టారు. డ్రైవర్ మీట నొక్కే పనే లేదు.

మరి రోజూ నడిపే రోడ్డు మీద దీంతో ఎలా ఉంటుంది? నిజం చెప్పాలంటే, పొడి తారురోడ్డు మీద ఉన్నట్టే తెలియదు. క్లచ్ ప్లేట్ల రకంలో మాత్రం, ఇరుకు సందులో పూర్తిగా తిప్పినప్పుడు వెనక నుంచి గరగరమని చప్పుడు రావొచ్చు. చాలాసార్లు కారణం నూనే! వీటికి రాపిడిని అదుపు చేసే ప్రత్యేక పదార్థం కలిపిన క్రౌన్ ఆయిల్ కావాలి. షెడ్డులో చేతికందిన డబ్బా పోయిస్తే మోత మొదలవుతుంది. ఒక పక్క కొత్త టైరు, ఇంకో పక్క అరిగినది వేయడం కూడా పనికిరాదు. తిన్నగా వెళ్తున్నా చక్రాల వేగాల్లో తేడా వచ్చి, ప్లేట్లు ఊరికే అరిగిపోతాయి.

వానలో ఇంకాస్త జాగ్రత్త. మామూలు బండికి ఒక చక్రం జారినా రెండోది వెనక భాగాన్ని పట్టి ఉంచుతుంది. ఇందులో యాక్సిలరేటర్ ఎక్కువ తొక్కితే రెండూ కలిసి జారి, వెనక భాగం పక్కకు కొట్టుకుపోవచ్చు. బురదలోంచి లాగే గుణమే తడిరోడ్డు మలుపులో ఇలా ఎదురు తిరుగుతుంది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న బండ్లలో ఈ బెడద తక్కువ.

అన్నిటికంటే ప్రమాదం జాకీ దగ్గర. ఒక వెనక చక్రం పైకెత్తి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి గేరు వేసి చూసే అలవాటు కొందరికి ఉంది. ఏ బండికైనా అది మంచిది కాదు. ఈ రకం బండిలోనైతే నేల మీది చక్రానికి బలం అంది బండి జాకీ మీంచి దూకేస్తుంది.

పాత బండి కొనేవాళ్లకు దాంట్లో ఏముందో తెలుసుకునే దారి ఒకటుంది. పని తెలిసిన మెకానిక్‌తోనే, ఇంజిన్ ఆపి, ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనక రెండు చక్రాలనూ స్టాండ్ల మీదికి ఎత్తించాలి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండోది ఎదురు దిక్కున తిరిగితే మామూలు డిఫరెన్షియల్. అదే దిక్కున తిరిగితే లోపల క్లచ్ ప్లేట్లున్నట్టు. దానంతటదే బిగుసుకునే రకం మాత్రం చేతి వేగానికి స్పందించదు, మామూలు దానిలాగే తిరుగుతుంది. దాని సంగతి తేలాలంటే బండి ఏ రకమో ఓనర్స్ మాన్యువల్‌లో చూసుకోవాల్సిందే.