కౌంటీ గీత దగ్గర ఆగని కాలిబాట

అమెరికాలో ఫిలడెల్ఫియా చుట్టుపక్కల కాలిబాట ఎక్కడ తెగిపోతోందో చెప్పాలంటే ఒక్క నగరం పటం చాలదు. పెన్సిల్వేనియాలోని ఐదు కౌంటీలు, న్యూజెర్సీలోని నాలుగు కలిసిన ప్రాంతమది. అందుకే 1965లో ఏర్పడ్డ డెలావేర్ వ్యాలీ ప్రాంతీయ ప్రణాళికా సంఘం ఐదేళ్లకోసారి ప్రాంతమంతటినీ విమానం నుంచి ఫోటోలు తీయిస్తోంది. చెట్లు చిగురించకముందే తీయాలి; ఆకులొస్తే కాలిబాట కనపడదు. ఆ ఫోటోల మీద భవనాల అంచులు, తారు, సిమెంటు పరిచిన నేల గీతలుగా మారతాయి. ఆ గీతలను కౌంటీలు ఎవరికి వారు గీసుకుంటే ఒకరు ఇంటి ముందరి కారు దారిని రోడ్డులో కలిపేస్తారు, మరొకరు వదిలేస్తారు. సరిహద్దు దగ్గర లెక్క పొసగదు.

ఇది గీతల పట్టింపు మాత్రమే అనుకోవద్దు. 2010లో ఫిలడెల్ఫియా నీటి శాఖ, ఇళ్లు కాని స్థలాలకు వాననీటి రుసుమును మీటరు చూసి కాక, స్థల విస్తీర్ణం, అందులో నీరింకని నేల చూసి వేసే పద్ధతికి మారింది. చుక్క నీళ్లు వాడని పార్కింగ్ స్థలమూ బిల్లు కట్టాల్సిందే. న్యాయమే, కాలువల్లోకి వరద పంపేది అదే కదా! కానీ పటం తప్పయితే బిల్లూ తప్పే. 2018లో మైక్రోసాఫ్ట్ అమెరికా అంతటా 12 కోట్లకు పైగా భవనాల రూపురేఖలు ఉచితంగా ఇచ్చింది, మళ్లీ ఈ ఫోటోల ఖర్చెందుకని అడగొచ్చు. అందులో కాలిబాటలు లేవు. అయితే అందరికీ ఒకే పటమంటే పెద్ద నగరం చెప్పిందే చెల్లుతుందన్న చిన్న ఊళ్ల బెంగను మాత్రం కొట్టిపారేయలేం. ఏది కాలిబాటో, ఏది కాదో తేల్చేటప్పుడు వాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడితే తప్ప అది తీరదు.