జానీ గంథర్: కన్నవారు కూర్చిన స్మృతి

ఖండఖండాంతరములు తిరిగి, రాజులను, నియంతలను, నాయకులను కలిసికొని లావుపాటి గ్రంథములు వ్రాసిన అమెరికను పత్రికారచయిత జాన్ గంథర్. 1936లో వెలువడిన 'ఇన్‌సైడ్ యూరప్', 1939లో వెలువడిన 'ఇన్‌సైడ్ ఏషియా' ఆనాడు రాజకీయములయందు ఆసక్తి కలవారెల్ల చదివిన పుస్తకములు. అట్టివాడు 1949లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. అందు యుద్ధములు లేవు, మంత్రాంగములు లేవు. మెదడులో కంతి పుట్టి పదునేడవయేట మరణించిన తన కుమారుని కథ మాత్రమే కలదు. దాని పేరు 'డెత్ బీ నాట్ ప్రౌడ్'. మృత్యువును గర్వింపవలదని హెచ్చరించు ఈ పేరు జాన్ డన్ అను పదునేడవ శతాబ్దపు ఆంగ్లకవి పద్యమునుండి గ్రహింపబడినది. గంథర్ పెద్ద గ్రంథములను నేడు చదువువారు అరుదు. ఈ చిన్నది మాత్రము చదువరులను పోగొట్టుకొనలేదు.

జానీ 1929 నవంబరులో పారిస్ నగరమున జన్మించెను. తల్లి ఫ్రాన్సెస్ మన దేశమునకు బొత్తిగా పరాయిది కాదు. భారత స్వాతంత్ర్యమును కోరి 1944లో ఒక పుస్తకము వ్రాసెను. జవాహర్‌లాల్ నెహ్రూతో ఉత్తర ప్రత్యుత్తరములు నడపెను. ఆ దంపతులకు జానీకి ముందు పుట్టిన ఆడుశిశువు కొద్దినెలలకే గతించెను. 1944లో దంపతులును విడిపోయిరి. ఇక వారిరువురికిని మిగిలిన ఉమ్మడి బంధము ఈ కుఱ్ఱవాడే.

మసాచుసెట్స్ రాష్ట్రమునందలి డీర్‌ఫీల్డు పాఠశాలలో జానీ చదువుచుండెను. రసాయనశాస్త్రమన్న ప్రాణము. చదరంగమన్నను మక్కువయే. 1946 ఏప్రిలులో మెడ బిగుసుకొనిపోయినదని వైద్యునికి చూపగా రోగము మెడలో కాదు, మెదడులో నున్నదని తేలినది. ఆ నెల చివరనే న్యూయార్కులో శస్త్రచికిత్స జరిగెను. కంతిని పూర్తిగా తీసివేయుట సాధ్యము కాలేదు.

అటుపై పదునాలుగు నెలలు ఆ తలిదండ్రులు తట్టని తలుపు లేదు. ఎక్స్‌రే కిరణములు ప్రయోగించిరి. విషవాయువుల పరిశోధనలనుండి అప్పుడప్పుడే వైద్యమునకు వచ్చిన నైట్రొజన్ మస్టర్డు అను మందును ఎక్కించిరి. ఉప్పు, కొవ్వు లేని గెర్సన్ పథ్యమును కఠినముగా చేయించిరి. ఈ పథ్యము కాన్సరును నయము చేయునని నేటివరకు రుజువు కాలేదు. అయినను కన్నకొడుకు మంచముచెంత కూర్చున్నవారిని ఈనాటి తెలివితో తప్పుపట్టుట న్యాయము కాదు.

ఈ కథలో చదువరి ఆగి ఆలోచింపవలసిన తావు ఒకటి కలదు. కుమారునికి నిజము తెలియనీయరాదని తలిదండ్రులు ఎంతో జాగ్రత్తపడుచుండిరి. ఒకనాడు వైద్యుడే జానీకి మెదడులో కంతి యున్న సంగతి తెలిపెను. వినిన వెంటనే ఆ బాలుడు అడిగినది తన ప్రాణమును గూర్చి కాదు. ఈ సంగతి అమ్మకు, నాన్నకు తెలియునా, వారికి ఎట్లు తెలుపవలె నని అడిగెను! పెద్దలు పిల్లవానిని కాపాడుచున్నా మనుకొనుచుండగా, పిల్లవాడు పెద్దలను కాపాడ యత్నించెను. మన ఇండ్లలోను ఇది జరుగుచునే యుండును. రోగికి తెలియదని ఇంటివారును, ఇంటివారికి తెలియదని రోగియు ఎవరికి వారే నవ్వు మొగములతో తిరుగుదురు. గంథర్ ఈ ఘట్టమును ఏమియు వర్ణింపక, జరిగినది జరిగినట్లు చెప్పి ముందునకు సాగెను. అదియే మంచిదైనది.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు విషయ మింకొకటి. జానీ ఏడాదికి పైగా బడికి దూరమయ్యెను. ఎడమచేయి పట్టు తప్పినది, చూపు మందగించినది. అయినను తన తోడివారితోపాటు పట్టము పుచ్చుకొనవలెనని అతని పట్టుదల. ఇంటివద్ద ట్యూటర్ల సాయమున తప్పిపోయిన పాఠములన్నియు చదివి, పరీక్షలు వ్రాసి నెగ్గెను. అమోనియా వాయువును ద్రవముగా మార్చుటకు తనకు తోచిన క్రొత్త పద్ధతిని గూర్చిన యోచనను జబ్బులోను విడువలేదు. డీర్‌ఫీల్డు ప్రధానోపాధ్యాయుడు ఫ్రాంక్ బాయిడెన్ 1902 మొదలు 1968 వరకు ఆ పాఠశాలను నడిపినవాడు. ఆయన ఈ విద్యార్థి స్థానమును ఖాళీ అయినదిగా ఎన్నడును భావింపలేదు. 1947 జూన్ మొదటివారమున జరిగిన ఉత్సవమునకు జానీ తలకు తెల్లని కట్టుతో వచ్చెను. తన పేరు పిలువగా నెమ్మదిగా, అందరికంటె నెమ్మదిగా, నడచిపోయి పట్టము నందుకొనెను. చప్పట్లతో ఆ మందిరము మ్రోగిపోయెను. ఆ నెల 30వ తేదీననే అతడు కన్నుమూసెను.

అతని కంతి గ్లియోబ్లాస్టోమా జాతికి చెందినది. నాటికి నేటికి శస్త్రచికిత్స, కిరణచికిత్స ఎంతో మెఱుగుపడినవి, మందులు వచ్చినవి. 2005లో ప్రకటితమైన ప్రసిద్ధ పరిశోధనలో, కిరణములకు తోడు టెమొజొలొమైడు అను మందు పుచ్చుకొన్న వయోజనులలో సగముమంది 14.6 నెలలకు మించి జీవింపలేదు. శస్త్రచికిత్స పిదప జానీ జీవించినది పదునాలుగు నెలలు. రోగములన్నింటికిని విజ్ఞానము ఒకే వేగముతో బదులు చెప్పదు.

పుస్తకమున తండ్రి కథనముతోపాటు జానీ వ్రాసిన ఉత్తరములు, దినచర్య పుటలు కూడ కలవు. తండ్రి కుమారుని పొగడుటకు పూనుకొనలేదు. వార్తలు వ్రాయుటకు అలవాటుపడిన చేయి గనుక తేదీలు, వైద్యుల మాటలు, మంచి దినములు, చెడ్డ దినములు వరుసగా వ్రాసికొనిపోయెను. ఆ పొడిమాటల నడుమనే దుఃఖము కనబడును. ఆ పుస్తకముపై వచ్చు లాభమును పిల్లల కాన్సరు పరిశోధనకే ఒసగిరి.

చివర తల్లి వ్రాసిన కొన్ని పుటలు కలవు. ఆమె విధిని నిందింపలేదు, వైద్యులను నిందింపలేదు. బ్రతికియుండగా బిడ్డను ఇంకను ఎక్కువగా ప్రేమించి యుండవలసిన దన్నదొక్కటే ఆమె వెలిబుచ్చిన కొరత. ఫ్రాన్సెస్ 1964లోను, జాన్ 1970లోను గతించిరి. న్యాయస్థానమున విడిపోయిన ఆ ఇరువురి మాటలు జానీ ఉత్తరములకు ఇరుప్రక్కల ఆ పుస్తకమున నేటికిని కలిసియే యున్నవి.