చుట్కీకి బాకీ పడ్డ ముగింపు

పిల్లల కార్టూన్లు సీజన్లు గడిచేకొద్దీ ఎందుకు చప్పబడతాయి? హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్ మీద 2020లో రేగిన దుమారంలో దానికి జవాబుంది.

ఫిల్మ్‌నగర్‌లో కథ వినిపించడానికి వెళ్ళిన కొత్త రచయితను ఎవరైనా ముందు అడిగేది క్లైమాక్స్ గురించే. ఫస్టాఫ్ ఎంత నవ్వించినా, ఇంటర్వెల్ ఎంత అదిరినా, చివరి ఇరవై నిమిషాలు తేలిపోతే ప్రివ్యూ చూసి బయటికొచ్చేవాళ్ళ ముఖాలే చెప్పేస్తాయి. ఒక్క ప్రశ్నకు జవాబు దాచి దేశాన్నంతా ఊరించిన పరిశ్రమ ఇది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడంటూ 2015 జూలై 10న ‘బాహుబలి’ మొదటి భాగం వదిలిపెట్టిన ప్రశ్నకు 2017 ఏప్రిల్ 28న గానీ సమాధానం దొరకలేదు. ఇదే నగరంలో, దేశంలోని పిల్లలకు బాగా తెలిసిన కార్టూన్లలో ఒకటి తయారవుతోంది. దానికి మాత్రం క్లైమాక్స్ లేదు.

పాతబడిన కార్టూన్లు చూసేవాళ్ళను ఎందుకు నిరాశపరుస్తాయో రాయమని ఎడిటర్ గారు చెప్పారు. శుక్రవారం సాయంత్రానికి ఇవ్వాలి. యానిమేషన్ చరిత్ర, ఛానళ్ళ లెక్కలు, బొమ్మల వ్యాపారం అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. వాటన్నిటినీ పక్కకు నెట్టి నన్ను పట్టుకున్నది నాలుగైదు వాక్యాల ప్రకటన ఒకటి. 2020 లాక్‌డౌన్ నెలల్లో ఛోటా భీమ్‌ను తీసే గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ దాన్ని విడుదల చేసింది.

అప్పట్లో ట్విట్టర్‌లో ‘జస్టిస్ ఫర్ చుట్కీ’ అని హోరెత్తింది. ఛోటా భీమ్ చివరికి రాజకుమారి ఇందుమతిని పెళ్ళి చేసుకున్నాడనీ, చిన్నప్పట్నుంచీ లడ్డూలు తెచ్చిపెట్టిన చుట్కీని వదిలేశాడనీ ప్రచారం. వేలమంది నమ్మారు, కోప్పడ్డారు. అప్పుడు సంస్థ నోరు విప్పక తప్పలేదు. భీమ్, చుట్కీ, ఇందుమతి ఇంకా పిల్లలేననీ, పెళ్ళి వార్త అబద్ధమనీ, నమ్మవద్దనీ, ఆ పసివాళ్ళ జీవితాల్లోకి ప్రేమలూ పెళ్ళిళ్ళూ తేవద్దనీ ఆ ప్రకటన సారాంశం.

అంటే లేని ఎపిసోడ్ మీద వచ్చిన అలక అది. ఎవరూ తీయనే లేని ముగింపు జనాన్ని అంతగా నిరాశపరచిందంటే, దాన్ని తమాషాగా కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. కార్టూన్‌లో భీమ్ వయసు 9, చుట్కీ వయసు 7. పోగో ఛానల్‌లో వాళ్ళు మొదట కనిపించింది 2008 ఏప్రిల్‌లో. అప్పట్నుంచి వాళ్ళూ మన పిల్లల్లాగే ఏటా ఒక పుట్టినరోజు చేసుకుని ఉంటే 2020కి భీమ్‌కు 21, చుట్కీకి 19. మన చట్టం పెళ్ళికి అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలంటుంది. పుకారు పుట్టించినవాళ్ళు ఇంత లెక్క వేశారని కాదు. మొదటి సీజన్‌ను స్కూల్ యూనిఫామ్ విప్పకుండానే చూసిన ఏడేళ్ళ పిల్ల, ఆ ఏడాది లాక్‌డౌన్‌లో ఇంజనీరింగ్ పుస్తకాలు ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చుంది. ఆ వేసవిలో దూరదర్శన్ కూడా ఛోటా భీమ్‌ను వేసింది. ఆ పిల్ల మళ్ళీ చూసింది. తను పెరిగింది, భీమ్ వాళ్ళ ఊరు ఢోలక్‌పూర్ పెరగలేదు. న్యాయం చెయ్యమని అడిగిన గొంతుల్లో చాలావరకు ఆ వయసువే అయి ఉంటాయి. సంస్థ జవాబు మాత్రం టీవీ ముందు ఇవాళ కూర్చున్న ఏడేళ్ళ పిల్లను దృష్టిలో పెట్టుకుని రాసినట్టుంది.

ఈ తగువులో నేను చుట్కీ పక్షం. పెళ్ళి కోసం కాదు. భీమ్ బలమంతా లడ్డూలో ఉంది, ఆ లడ్డూ చుట్కీ వాళ్ళమ్మ టున్‌టున్ మౌసీ కొట్లో ఉంది. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు లడ్డూ అందించే చెయ్యి చాలాసార్లు ఆ పిల్లదే. ఊళ్ళో జులుం చేసే కాలియా దౌర్జన్యానికి ఎదురు నిలిచేదీ తనే. ఇన్నేళ్ళ స్నేహం ఒక్క ఎపిసోడ్‌లోనైనా లెక్కలోకి వచ్చిందా? నాకు గుర్తున్నంతలో రాలేదు. తర్వాతి కథ మొదలయ్యేసరికి అంతా చెరిగిపోతుంది.

టీవీ కార్టూన్ రాసేవాళ్ళు పాటించే మొదటి నియమమే అది. కథ మొదలైనప్పుడు ఊరు ఎలా ఉందో, ముగిసేసరికి అలాగే ఉండాలి. ఎవరూ పెద్దవాళ్ళవకూడదు, ఎవరూ ఊరు విడిచి వెళ్ళకూడదు, ఎవరికీ నిన్నటి సంగతి గుర్తుండకూడదు. కారణం ప్రసారంలో ఉంది. ఛానల్ ఎపిసోడ్లను వరుసలో వెయ్యదు. పొద్దున కొత్తది, సాయంత్రం ఐదేళ్ళ కిందటిది, ఆదివారం పది కలిపి. బడి నుంచి వచ్చి టీవీ పెట్టిన పిల్లాడికి ఏది తగిలినా అర్థం కావాలి. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై రెండు నిమిషాలు. దాన్ని పదకొండేసి నిమిషాల రెండు కథలుగా విడగొట్టడం మామూలు. పదకొండు నిమిషాల్లో కష్టం రావాలి, కాలియా అల్లరి చెయ్యాలి, అతని వెంట తిరిగే ఢోలు భోలు వంత పాడాలి, లడ్డూ దొరకాలి, భీమ్ గెలవాలి. మనసులో జరిగే మార్పుకు అందులో చోటేదీ?

అలా వందల కథలు నడిచాక మారడానికి మిగిలేది శత్రువు ఒక్కడే. మొదట్లో పొరుగూరి మల్లయోధుడు సరిపోతాడు. తర్వాత మాంత్రికుడు, ఆ తర్వాత గ్రహాంతరవాసి కావాల్సి వస్తాడు. శత్రువు పెరుగుతూ పోతాడు, లడ్డూ మాత్రం అంతే ఉంటుంది. పిల్లలు ఆ తేడాను ఇట్టే పట్టేస్తారు. దానికి తోడు పెద్ద ఊహలన్నీ ప్రత్యేక సినిమాలకు తరలిపోతాయి, మామూలు ఎపిసోడ్లకు మిగిలినవి దక్కుతాయి. పాత బ్యాక్‌గ్రౌండ్లే, పాత పరుగులే మళ్ళీ వాడతారు. స్కూల్ బ్యాగుల మీద అచ్చయిన ముఖాలు కాబట్టి బొమ్మ రూపురేఖలూ మార్చలేరు.

చరిత్ర కూడా చెప్పాలి కాబట్టి క్లుప్తంగా: అమెరికాలో చదువుకుని వచ్చిన రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ స్థాపించారు, 2008లో ఛోటా భీమ్, 2012 మేలో ‘కర్స్ ఆఫ్ దమ్యాన్’ థియేటర్లలో, 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో పాకే వయసు భీమ్‌తో, మాటల్లేని ‘మైటీ లిటిల్ భీమ్’, 2024 మే 31న మనుషులు నటించిన సినిమా, రాజీవ్ చిలక దర్శకత్వంలోనే. ఆ 2024 సినిమాకు ఎంచుకున్న కథ మళ్ళీ 2012 నాటి దమ్యానే. పన్నెండేళ్ళు గడిచాక కూడా ముందుకు వెళ్ళే కథ దొరకలేదా అనిపించింది నాకు.

ముగింపు ఇవ్వకపోతే చూసేవాళ్ళే రాసుకుంటారు. మన పిల్లలు అంతే ఇష్టంగా చూసే జపాన్ రోబో పిల్లి డోరేమాన్‌కూ ఇదే జరిగింది. సృష్టికర్త ఫుజికో ఎఫ్. ఫుజియో 1996లో ముగింపు రాయకుండానే కన్నుమూశారు. తర్వాత ఒక అభిమాని సొంతంగా చివరి కథ గీశాడు. డోరేమాన్ బ్యాటరీ అయిపోతుంది, దాని నేస్తం నోబితా కష్టపడి చదివి, పెద్దవాడై, తన స్నేహితుణ్ణి తనే బాగుచేసుకుంటాడు. అది అసలు ముగింపేనని నమ్మినవాళ్ళు ఎందరో. 2007లో ప్రచురణ సంస్థ షొగాకుకాన్ అభ్యంతరం చెబితే ఆ అభిమాని క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అయితే డోరేమాన్‌లో పెరిగే దారి మొదట్నుంచీ ఉంది. నోబితా పెద్దయ్యాక షిజుకాను పెళ్ళాడతాడని కథే చెబుతుంది, 2020లో వచ్చిన ‘స్టాండ్ బై మీ డోరేమాన్ 2’ ఆ పెళ్ళినే చూపించింది. అలాంటి కథలు చూస్తూ పెరిగిన పిల్లలు చుట్కీ గురించి అడగడంలో వింతేముంది?

ముగింపుతో కార్టూన్ పాడైపోతుందన్న భయం కూడా నిజం కాదు. ఛోటా భీమ్ మొదలైన 2008లోనే అమెరికాలో ‘అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్’ ముగిసింది. మూడు సీజన్లు, 61 ఎపిసోడ్లు, కథానాయకుడు ఆంగ్ తన యుద్ధం పూర్తి చేశాడు. పిల్లలు ఇప్పటికీ మొదటి నుంచి పెట్టుకుని చూస్తున్నారు.

బాక్స్: ఫిల్మ్‌నగర్ గీసిన బొమ్మలు
వెండితెర బాహుబలి 2017లో ‘ది లాస్ట్ లెజెండ్స్’గా ప్రైమ్ వీడియోలోకి, 2024లో ‘క్రౌన్ ఆఫ్ బ్లడ్’గా హాట్‌స్టార్‌లోకి యానిమేషన్ రూపంలో వచ్చాడు. వీటి చిక్కు వేరు. ఇవి సినిమాకు ముందు కథలు. భల్లాలదేవుడు ఏం చేస్తాడో, కట్టప్ప కత్తి ఎటు తిరుగుతుందో ఇంటిల్లిపాదికీ తెలుసు. కాబట్టి ఏ ఎపిసోడ్‌లోనూ ప్రధాన పాత్రలకు నిజమైన ఆపద ఉండదు. అక్కడ ముగింపు ముందే ఖర్చయిపోయింది.
తెలుగు యానిమేషన్ సినిమా ‘కిట్టు’ 2006లో వచ్చి జాతీయ ఉత్తమ యానిమేషన్ చిత్రంగా నిలిచింది. ఈ తరం పిల్లల్లో దాని పేరు విన్నవాళ్ళు తక్కువ.

ఏటా కొత్త పిల్లలు వస్తారు, వాళ్ళకు ప్రతి ఎపిసోడూ మొదటిదే అన్న వాదన కాదనలేనిది. ఆరేళ్ళవాడి కోసం ఢోలక్‌పూర్ అలాగే ఉండాల్సిందే. అందుకే నా విన్నపం చిన్నది. నడుస్తున్న కథల్ని ఆపొద్దు, పెళ్ళీ వద్దు. ఇరవై రెండు నిమిషాల ఒక్క కథ విడిగా తీయండి. చుట్కీ చదువు కోసం ఊరు విడిచి వెళ్ళే రోజు అనుకోండి. ఎన్నేళ్ళుగా ఎన్ని లడ్డూలు తెచ్చిందో భీమ్ తన నోటితో ఒక్కసారి చెప్పాలి. ఇందుమతి కూడా వచ్చి సాగనంపాలి. కాలియా తప్పు ఒప్పుకోవాలి. ఛానల్‌లో వెయ్యడం కుదరకపోతే ఇంకెక్కడైనా పెట్టండి. 2008లో టీవీ ముందు కూర్చున్న పిల్లలు వెతుక్కుని మరీ చూస్తారు.