ఐక్యత కోసం వాయిదా పడిన స్వేచ్ఛ

1884 జనవరి 5న ఎడువార్డ్ లాస్కర్ అనే జర్మన్ పార్లమెంటు సభ్యుడు న్యూయార్క్‌లో హఠాత్తుగా మరణించాడు. నాలుగు రోజుల తర్వాత అమెరికా ప్రతినిధుల సభ ఒక సంతాప తీర్మానం చేసింది. ఉదార భావాల పట్ల ఆయనకున్న నిష్ఠ జర్మన్ ప్రజల సామాజిక, రాజకీయ, ఆర్థిక స్థితిని మెరుగుపరచిందన్న అభిప్రాయం అందులో ఉంది. జర్మన్ పార్లమెంటైన రైష్టాగ్‌కు ఆ తీర్మానం ఛాన్సలర్ బిస్మార్క్ ద్వారా అందవలసింది. ఆయన అందనివ్వలేదు. ఆ అభిప్రాయం తన నమ్మకానికి విరుద్ధమంటూ దానిని వాషింగ్టన్‌కే తిప్పి పంపాడు. అయితే అంతకు ముందు పదేళ్ళకు పైగా బిస్మార్క్ నిర్మించిన జర్మనీకి లాస్కర్ అండగా నిలిచినవాడే.

ఉదారవాదం అన్న తెలుగు మాట ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. ఔదార్యం ఇచ్చేవాడి గుణం. పుచ్చుకునేవాడికి దానిమీద హక్కు ఉండదు. పంతొమ్మిదో శతాబ్దపు ఉదారవాదులు అడిగింది రాజుగారి దయను కాదు. రాజును కూడా కట్టిపడవేసే చట్టాన్ని, పన్నుల మీదా ఖర్చు మీదా ప్రజాప్రతినిధుల అదుపును, ఏ మతంవారికైనా ఒకే న్యాయాన్ని. జర్మనీలో వారికి మరో కోరిక కూడా ఉండేది: ముప్పైకి పైగా రాజ్యాలుగా చీలి ఉన్న దేశాన్ని ఒకటి చేయడం. ఆ రెండూ ఒకే కోరికకు రెండు పేర్లని వారు చాలాకాలం నమ్మారు.

అవి వేరని 1848లోనే తేలింది. ఆ ఏడాది విప్లవం నుంచి పుట్టిన ఫ్రాంక్‌ఫర్ట్ పార్లమెంటు జులైలో పోజెన్ ప్రాంతం గురించి చర్చించింది. అక్కడ పోలిష్ ప్రజలే ఎక్కువ. వామపక్షపు బల్లల మీద కూర్చున్న విల్‌హెల్మ్ యోర్డాన్ లేచి, జర్మన్లకు ఆ నేల మీద ఉన్నది జయించినవారి హక్కేననీ, జాతికి ఆరోగ్యకరమైన స్వార్థం ఉండాలనీ వాదించాడు. సభలో అత్యధికులు పోజెన్‌లోని పెద్ద భాగాన్ని జర్మనీలో కలుపుకోవడానికే ఓటు వేశారు. ఇదే సభ తన రాజ్యాంగంలో జర్మనేతర భాషలవారికి చదువులోను, ప్రార్థనాలయాల్లోను, న్యాయస్థానాల్లోను సమాన స్థానం కల్పించింది. ఆ మాటలో కపటం ఉందనలేం. అయితే ఆ రెండు తీర్మానాలూ ఒకే ప్రాంతంలో ఢీకొంటే ఏది నిలుస్తుందో సభ చెప్పలేదు. లాస్కర్ ఆ పోజెన్‌లోనే యారోచిన్ అనే చిన్న ఊళ్ళో, యూదు కుటుంబంలో 1829లో పుట్టాడు.

అసలు పరీక్ష ప్రష్యాలో వచ్చింది. సైన్యాన్ని పెంచాలని రాజు పట్టుబట్టాడు; ఉదారవాదుల ఆధిక్యం గల శాసనసభ డబ్బు మంజూరు చేయనంది. 1862 సెప్టెంబరులో ప్రధానమంత్రి అయిన బిస్మార్క్, రాజుకూ సభలకూ పొత్తు కుదరకపోతే ఏం చేయాలో రాజ్యాంగం చెప్పలేదు గనుక ప్రభుత్వం తన పని తాను చేసుకుపోవచ్చని వాదించి, ఆమోదించిన బడ్జెట్ లేకుండానే నాలుగేళ్ళు పన్నులు వసూలు చేశాడు, ఖర్చు పెట్టాడు. 1866 జులై 3న ప్రష్యా సేన కోనిగ్‌గ్రేట్స్ దగ్గర ఆస్ట్రియాను ఓడించింది. అదే రోజు జరిగిన ఎన్నికల్లో, ఆ కబురు ఊళ్ళకు చేరకముందే, ఉదారవాదులు చాలా స్థానాలు పోగొట్టుకున్నారు.

ఆ విజయం తర్వాత బిస్మార్క్ ఓ బిల్లు తెచ్చాడు. జరిగిపోయిన ఖర్చుకు వెనకటి తేదీతో ఆమోదం కావాలన్నాడు. సెప్టెంబరు 3న సభ 230 ఓట్లతో దానిని ఆమోదించింది. వ్యతిరేకించినవారు 75 మంది. ఆమోదించినవారిలో లాస్కర్ ఉన్నాడు. వారి వాదన తేలిక చేయదగింది కాదు. ప్రభుత్వం ఆమోదం అడగడమంటే సభ హక్కును ఒప్పుకున్నట్టే. ముందు దేశం ఒక్కటైతే, తర్వాత దాని లోపల స్వేచ్ఛను చట్టం చట్టంగా కట్టుకోవచ్చు. ఇందులో పొరపాటు ఒక్కటే, కాని పెద్దది. మళ్ళీ అలాంటి పరిస్థితి వస్తే మళ్ళీ అలాగే చేస్తానని రాజు సభ్యులకు ముఖానే చెప్పాడు. హక్కును ఒప్పుకున్నట్టు కాగితం దొరికింది గాని, దానిని అమలు పరచే సాధనం దొరకలేదు. మరుసటి ఏడు ఆమోదించినవారిలో అనేకులు నేషనల్ లిబరల్ పార్టీగా ఏర్పడ్డారు. పేరులోని రెండు మాటల్లో ఏది ముందుందో అప్పట్లో ఎవరికీ వింతగా తోచలేదు.

ఈ చిక్కును అంతకు నాలుగేళ్ళ ముందే ఒక ఆంగ్లేయుడు ఊహించాడు. 1861లో జాన్ స్టువర్ట్ మిల్, వేర్వేరు జాతులున్న దేశంలో స్వేచ్ఛాయుత సంస్థలు నిలవడం దాదాపు అసాధ్యమని రాశాడు. కాథలిక్ చరిత్రకారుడు లార్డ్ ఆక్టన్ మరుసటి ఏడు అందుకు సరిగ్గా విరుద్ధంగా వాదించాడు: ఒకే రాజ్యంలో పలు జాతులుండటమే స్వేచ్ఛకు కాపుదల, రాజ్యానికి జాతి అన్న ఒక్కటే పరమార్థమైతే దాని ముందు తక్కిన హక్కులన్నీ చిన్నబోతాయి. ఆక్టన్‌కు పాత సామ్రాజ్యాల మీద అవసరానికి మించిన మమకారం ఉంది. అయినా జర్మనీ విషయంలో ఆయన మాటే నిలిచింది.

1871లో సామ్రాజ్యం ఏర్పడగానే కాథలిక్కులు దేశశత్రువుల్లా కనిపించసాగారు. 1872లో జెసూట్ సంఘాన్ని నిషేధించే చట్టం వచ్చింది. ఏ నేరమూ రుజువు కాకుండా, ఒక సంఘంలో సభ్యుడైనందుకే మనిషిని ఊరు దాటించవచ్చునన్న చట్టమది. నేషనల్ లిబరళ్ళలో అత్యధికులు సమర్థించారు. లాస్కర్, ఆయన మిత్రుడు బాంబర్గర్ వ్యతిరేకించారు. ఇద్దరూ యూదులే కావడం యాదృచ్ఛికం కాదు. సంఖ్యాబలం లేనివారికి చట్టం దేనికో వారికి తెలుసు. మరోవంక, 1866లో లొంగని 75 మందిలో ఒకడైన ప్రసిద్ధ వైద్యశాస్త్రజ్ఞుడు విర్‌ఖోయే కాథలిక్కులపై పోరుకు ‘సంస్కృతి సమరం’ అని పేరు పెట్టాడు. ధైర్యం ఒక చోట ఉన్నంతమాత్రాన రెండో చోట ఉండాలని లేదు.

సోషలిస్టుల వంతు 1878లో వచ్చింది. వారిని అణచే మొదటి బిల్లును మే నెలలో లిబరళ్ళు తిప్పికొట్టారు. జూన్‌లో చక్రవర్తి మీద రెండో హత్యాయత్నం జరిగింది, సభ రద్దయింది, ఎన్నికల తర్వాత అక్టోబరులో వారే ఆమోదించారు. లాస్కర్ సైతం ఓటు వేశాడు, రెండున్నరేళ్ళ గడువు పెట్టించి. గడువు పొడిగిస్తూ పోయారు. చట్టం 1890 దాకా నడిచింది. ఆ మరుసటి ఏడు చరిత్రకారుడు ట్రైట్ష్కె, నిన్నటి దాకా ఉదారవాదుల మనిషి, యూదుల మీద కలం దూశాడు. రోమ్ చరిత్ర రాసిన మోమ్సెన్ 1880లో బదులిచ్చాడు. అందులోనూ యూదులు తమ ప్రత్యేకతను వదులుకుని కలిసిపోవాలన్న సలహా ఉంది. కాని పౌరసమానత్వం బేరానికి పెట్టేది కాదన్న విషయంలో ఆయన వెనక్కు తగ్గలేదు.

అదే ఏడు లాస్కర్ పార్టీని వీడాడు; బాంబర్గర్, మోమ్సెన్ వంటివారు కూడా విడిపోయి వేరు వర్గంగా నిలిచారు. లాస్కర్ పోయిన రెండు నెలలకు, 1884 మార్చిలో, ఆ వర్గమూ 1866లో లొంగనివారి పార్టీ వారసులూ ఒకటయ్యారు. పద్ధెనిమిదేళ్ళ చీలిక అలా ముగిసింది. ఆ ఏడే బిస్మార్క్ ఆఫ్రికాలో వలసలు ఆక్రమించడం మొదలుపెట్టాడు. శరదృతువులో జరిగిన ఎన్నికల్లో కొత్త పార్టీ చాలా స్థానాలు కోల్పోయింది.