దేశము మారిన టెలివిజను పెట్టె

పరదేశములలో కొన్నేండ్లు కాపురముండి ఇంటికి మరలివచ్చు మనవారు తమ టెలివిజను పెట్టెను వెంట తెచ్చుకొనవచ్చునా యని మమ్ము తరచుగా అడుగుచుందురు. రేడియోవారికి టెలివిజను సంగతి తెలియకుండునా యని కాబోలు వారి భావము! ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పుట మాకు ఇష్టము లేదు. ఒక్క మాటను నమ్మి నష్టపోయినవారిని మేము ఎరుగుదుము.

మాకు తెలిసిన కుటుంబ మొకటి అమెరికానుండి గుంటూరు చేరినది. ఇంట ముసలి తల్లికి చూపు మందగించినది. పెద్ద తెర అయినచో ఆమెకు బాగుగ కనబడునని కొడుకు తన పెట్టెను ఓడమీద తెప్పించెను. ఇక్కడి గోడ సాకెట్టులో ఇముడుటకు చిన్న అడాప్టరు తగిలించి మీట నొక్కెను. చిటుక్కుమని చప్పుడు, కొంచెము పొగవాసన. అంతటితో సరి. "పోనీలేరా అబ్బాయి, నాకు రేడియో ఉందిగా" అన్నదట ఆ తల్లి. ఆ మాట విని సంతోషింపవలెనో విచారింపవలెనో మాకు తెలియలేదు.

జరిగినదేమి? అమెరికాలో ఇండ్లకు వచ్చు విద్యుత్తు 120 ఓల్టులు, సెకనుకు 60 సైకిళ్లు. మన దేశములో 230 ఓల్టులు, 50 సైకిళ్లు. అడాప్టరు ముల్లుల ఆకారమును మాత్రమే మార్చును, ఓల్టులను మార్చదు. కావున పెట్టె వెనుక అంటించిన చీటీని మొదట చదువవలెను. దానిపై 100 నుండి 240 ఓల్టులు, 50 లేక 60 సైకిళ్లు అని యున్నచో దిగులు లేదు. 120 అని మాత్రమే యున్నచో ఓల్టులను తగ్గించు ట్రాన్సుఫార్మరు కావలెను. పెట్టె వాడు వాట్లకన్న దాని శక్తి బాగుగ హెచ్చుగా ఉండవలెను. ట్రాన్సుఫార్మరు ఓల్టులను తగ్గించును గాని సైకిళ్లను మార్చజాలదు. నేటి పెట్టెలలోని విద్యుత్ భాగమునకు సాధారణముగా దానివలన ఇబ్బంది కలుగదు. మన దేశమునుండి అమెరికాకు పోవు పెట్టెకు ఇంత ప్రమాదము లేదు: 220 ఓల్టులకే చేసినదైనచో అక్కడ వెలుగకుండ ఊరకుండును, అంతే.

విద్యుత్తు కుదిరినను కథ ముగియలేదు. ప్రతి దేశము బొమ్మను తనకు తోచినట్లు గీతలుగా కోసి పంపినది. అమెరికా పద్ధతిలో ఒక బొమ్మకు 525 గీతలు, సెకనుకు 30 బొమ్మలు. ఐరోపాలో ఎక్కువ దేశములు అనుసరించిన పద్ధతిలో 625 గీతలు, 25 బొమ్మలు. 30 అనగా 60లో సగము, 25 అనగా 50లో సగము అని పాఠకులు గ్రహించియే యుందురు. తొలినాళ్ల ఇంజనీర్లు ఇంటి విద్యుత్తు బొమ్మపై నీడలు పాకించకుండుటకై రెంటి లయను కలిపిరి. రంగులు వచ్చుసరికి చీలికలు పెరిగినవి. అమెరికావారిది 1953 నాటి పద్ధతి. 1967లో జర్మనీ, బ్రిటన్ 'పాల్' పద్ధతిని, ఫ్రాన్సు 'సెకాం' పద్ధతిని ప్రారంభించినవి. మన దేశము 1982లో పాల్ పద్ధతిలో రంగుల ప్రసారము మొదలుపెట్టినది.

అయితే పాల్ అన్నంతమాత్రాన అన్నియు ఒకటి కావు. మన ప్రసారములో బొమ్మ తరంగమునకు, మాట తరంగమునకు మధ్య ఎడము సెకనుకు 55 లక్షల సైకిళ్లు. బ్రిటన్‌లో అది 60 లక్షలు. అందుచేత అక్కడి పెట్టెకు ఇక్కడ బొమ్మ చిక్కినను మాట చిక్కదు. కువైటు, దుబాయి ప్రాంతముల పద్ధతి మన పద్ధతితో కలిసినది. కరీంనగరము, కడప జిల్లాలనుండి అక్కడికి పోయినవారు తెచ్చిన పెట్టెలు ఇక్కడ చక్కగా పలికినవి. ఇది వారి అదృష్టమే గాని ముందుగా ఎవరును లెక్కించినది కాదు.

ఈ భేదమువలన మనసు నొచ్చినది పెండ్లి టేపుల విషయములోనే యని మేమందుము. హైదరాబాదులో జరిగిన చెల్లెలి పెండ్లి చూడలేకపోయిన అన్నకు అమెరికాకు టేపు పంపుదురు. టేపు పెట్టె ఆకారము రెండు దేశములలోను ఒక్కటే. యంత్రములో చక్కగా ఇముడును. తీరా చూచిన మంగళసూత్రధారణకు బదులు తెరపై గీతలు పరుగులెత్తును. అక్కడి యంత్రము టేపును నడుపు వేగము సెకనుకు 33 మిల్లీమీటర్లు, ఇక్కడిది 23.

నేడు ప్రసారములు అంకెల రూపమున నడచుచున్నవి గాని చీలికలు పోలేదు. అమెరికాలో పెద్ద కేంద్రములు 2009 జూన్ 12తో పాత పద్ధతిని విడిచి తమ ఎ.టి.ఎస్.సి. పద్ధతికి మారినవి, ఐరోపా, భారతదేశములు డి.వి.బి. పద్ధతిని చేపట్టినవి. పెట్టెలోని ట్యూనరు పరదేశములో నిరుపయోగమైనను, కేబులువారి సెట్ టాప్ బాక్సును హెచ్.డి.ఎమ్.ఐ. తీగతో కలిపి చూడవచ్చును. అచటను పాత 50, 60ల తగవే. అమెరికాకై చేసిన కొన్ని పెట్టెలు 50 సైకిళ్ల సంకేతమును అంగీకరింపవు. తెర నల్లగా నిలిచిపోవును. బయలుదేరకముందే పెట్టెతో వచ్చిన పుస్తకములో గ్రహించు సంకేతముల పట్టికను వెదకి, 50 అను అంకె ఉన్నదో లేదో చూడవలెను.

సుంకము సంగతియు మరువరాదు. 2013 ఆగస్టు 26 నుండి పలుచని తెర పెట్టెలను ప్రయాణికుల సుంకము లేని సామానునుండి తొలగించిరి. ఈ నిబంధనలు మారుచుండును గనుక ప్రయాణమునకు ముందు కస్టమ్సువారినే అడిగి తెలిసికొనుట మేలు. సుంకము, ఓడ కిరాయి, ట్రాన్సుఫార్మరు కలిపి చూచినచో ఇక్కడ కొత్తది కొనుటయే చవుక కావచ్చును. తేదలచినవారు దానిని నిలువుగానే ఉంచి, వచ్చిన అట్టపెట్టెలోనే కట్టించవలెను. పరుండబెట్టిన తెర దారిలో పగులును.

పాత పెండ్లి టేపులున్నవారు మాత్రము ఆలస్యము చేయరాదు. రెండు పద్ధతులను చదువగల యంత్రములు క్రమముగ అరుదగుచున్నవి. బూజు పట్టకముందే ఆ బొమ్మలను కంప్యూటరులోనికి ఎక్కించుకొనవలెను.