కుంటువడిన గుర్రమునకు ఏ ఉపకరణములు కొనవలెను?

గుర్రము గుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మనవారి సామెత. కుంటువడిన గుర్రమునకును ఇదియే న్యాయము. అది పని మానినను మేత మానదు. దానివలన వచ్చు రాబడి నిలిచిపోవును, ఖర్చు మాత్రము నిలువదు. జట్కాబండ్లు మన పట్టణములలో మిక్కిలి తగ్గిపోయినను గుర్రముపై జీవించు కుటుంబములు నేటికిని లేకపోలేదు. పాడేరు ప్రాంతపు కొండలలో బండి పోజాలని గూడెములకు సరకులు గుర్రముల వీపుమీదనే చేరుచున్నవి. పెండ్లి ఊరేగింపులకు గుఱ్ఱములను పంపువారును, విశాఖపట్టణపు సముద్రతీరమున సవారి త్రిప్పువారును గలరు. ఇట్టివారికి గుర్రపు కాలే కుటుంబమునకు ఆధారము.

ఈ కాలమున గుర్రముల చికిత్సకును, అవి మరల పనికి వచ్చుటకును పనికివచ్చునని చెప్పబడు యంత్రములు, పట్టీలు, జోళ్లు బహువిధములుగా విక్రయింపబడుచున్నవి. సంఘము సొమ్ముతో ఇట్టి వస్తువును కొనదలచిన సభ్యులు ఏది కొనవలెను, ఏది విడువవలెను అని మమ్ము ప్రశ్నించుచుందురు. కావున ఈ విషయమును క్రమముగా వివరింప నెంచితిమి.

1. రోగ మెఱుగక పరికరము కొనరాదు

గుర్రము కుంటునప్పుడు మనవారి చూపు మోకాలిమీదికో భుజముమీదికో పోవును. కాని పెక్కు పర్యాయములు కారణము డెక్కలోనే యుండును. లాడపు మేకు తప్పుగా దిగుట, రాయి నొక్కుట, లోపల చీముపట్టుట మున్నగునవి సామాన్యముగా కనబడు కారణములు. చీముపట్టిన డెక్కకు వేల రూపాయల యంత్రము పెట్టినను ప్రయోజనము లేదు. పశువైద్యుడు చీమును వెడలించినచో ఒకటి రెండు దినములలోనే గుర్రము కాలు మోపగలదు. మేకు దిగిన గాయము వలన ధనుర్వాతము వచ్చు భయము గుర్రములకు ఇతర పశువులకంటె మిక్కుటము. కావున టీకా మాట మఱువరాదు.

ఇందువలన సంఘము మొట్టమొదట కొనవలసినవి మిక్కిలి చౌకయైన వస్తువులు. అవి డెక్క శుభ్రపఱచు కొక్కెము, డెక్కలో నొప్పి యున్న చోటును కనుగొను పటకారు, ఉష్ణమాపకము, క్షణములు చూపు గడియారము. ఆరోగ్యముగల పెద్ద గుర్రపు శరీరోష్ణము 37.5 మొదలు 38.5 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు నుండును. విశ్రాంతిలో నాడి నిమిషమునకు 28 మొదలు 44 సార్లు కొట్టుకొనును. ఈ లెక్కలు తెలిసిన యజమాని వైద్యునికి సగము పని తగ్గించినవాడగును.

2. స్నాయువు మానుటలో మూడు దశలు

బరువు మోయు గుర్రములకును పరుగెత్తు గుర్రములకును ఎక్కువగా సంభవించు పెద్ద దెబ్బ ముందుకాలి వెనుకభాగమున నుండు స్నాయువునకు తగులును. దీనినే మనవారు వాడుకలో నరము పట్టినదనియు, నరము తెగినదనియు అందురు. ఇది మానుట మూడు దశలుగా జరుగును. మొదటి దశలో వాపు, వేడి, నొప్పి యుండును. ఇది కొలది దినములు మొదలు రెండు వారముల వఱకు నుండవచ్చును. రెండవ దశలో చినిగినచోట క్రొత్త నార పుట్టును. ఈ నార అడ్డదిడ్డముగా నల్లుకొని బలహీనముగా నుండును. మూడవ దశలో ఆ నార క్రమముగా కాలిపొడుగున వరుసదీరి గట్టిపడును. ఈ దశకు మాసములు పట్టును. మొత్తముమీద 9 మొదలు 12 మాసముల కాలము కావలెను.

రైతు నష్టపోవు చోటు ఇదియే. సుమారు మూడు మాసములకు కుంటు పోవును, వాపు తీయును, యజమాని కంటికి గుర్రము బాగుపడినట్లే కనబడును. అప్పుడే బరువెత్తించినచో ఆ లేతనార మరల చినుగును. రెండవసారి చినిగిన స్నాయువు మునుపటి బలమునకు వచ్చుట దుర్లభము. నొప్పి పోవుట వేఱు, మానుట వేఱు. ఈ భేదమును మఱువనివానికే ఏ ఉపకరణమైనను ఉపకరించును.

3. మొదటి దశకు చల్లదనము, కట్టు

దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు దినములలో చల్లదనమును మించిన సాధనము లేదు. దినమునకు మూడు నాలుగు సార్లు, సారికి 20 నిమిషములు చల్లబఱచవలెను. మన మైదానపు బావినీరు చేతికి చల్లగా దోచినను ఈ పనికి చాలినంత చల్లనిది కాదు. నీటిలో మంచుగడ్డ ముక్కలు వేసి, ఆ నీటిలో కాలు మునుగునట్లు చేయుట మేలు. మంచునీరు కాలి నలుప్రక్కల నంటుకొనును, పొడి మంచుసంచి అంటిన మేరనే పని చేయును. ఇందుకు ఎత్తైన రబ్బరు జోడు లభించును. అది లేనిచో బలమైన వెడల్పు బకెట్టు చాలును. మంచులో ఉప్పు కలుపరాదు. కలిపినచో చలి మితిమీరి చర్మమును చెఱచును.

డెక్కలోపలి పొర వాచు వ్యాధికి ఈ చలువ మఱింత విలువైనది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయమువారు 2004లో ప్రకటించిన పరిశోధనలో, ముందుగానే మంచునీటిలో ఎడతెగక నుంచిన కాలికి ఈ వ్యాధి తీవ్రత తగ్గినట్లు తేలినది. కాని ఇది గంటల కొలది విడువక చేయవలసిన పని. ఇందుకు యంత్రముకంటె రాత్రి మేలుకొని మంచు మార్చు మనిషి ముఖ్యము.

కట్టునకు దళసరి దూదిపొరయు, దానిపై సాగుడు పట్టీయు కావలెను. దూది లేక పట్టీనే బిగించినచో అదియే స్నాయువును నొక్కి క్రొత్త గాయము చేయును. కట్టు అంతటను ఒకే బిగువుగా నుండవలెను, దినమున కొకసారి విప్పి చూడవలెను. దెబ్బతగిలిన కాలికే కాక, దానికి జోడైన రెండవ కాలికిని కట్టు కట్టవలెను. ఏలయన బరువంతయు దానిపైననే పడును.

పూర్వము కాలిన ఇనుముతో వాతలు పెట్టుట ఆచారముగా నుండెను. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయమువారు 1983లో ప్రకటించిన పరిశోధనవలన వాత స్నాయువు మానుటకు తోడ్పడదని తేలినది. వాత పెట్టిన గుర్రము నొప్పిచే పని మానును, ఆ విశ్రాంతియే గుణ మిచ్చును. నొప్పి లేకుండ విశ్రాంతి నిచ్చు మార్గ ముండగా వాతల అవసరమేమి?

4. నడకయే పెద్ద ఔషధము

వాపు తీసిన పిదప గుర్రమును పూర్తిగా కట్టివేసి యుంచుటయు, స్వేచ్ఛగా విడుచుటయు రెండును తప్పులే. కొలతపెట్టిన నడక కావలెను. వైద్యుని యనుమతిపై దినమునకు రెండుసార్లు, ఐదు పది నిమిషములు చేతపగ్గముతో గట్టి సమనేలపై నడిపించి, వారము వారమునకు ఐదేసి నిమిషములు పెంచుకొనుచు పోవలెను. ఈ నడకయొక్క ఒత్తిడివలననే క్రొత్త నార వరుసదీరును. రెండు మూడు మాసముల కొకసారి శబ్దతరంగ చిత్రముతో స్నాయువును పరీక్షింపించి, పిమ్మటనే తరువాతి మెట్టు ఎక్కవలెను. ఈ కాలమున ఉలవలు, ధాన్యపు దాణా తగ్గించి పచ్చిక, ఎండుగడ్డి ఎక్కువగా పెట్టవలెను. పని లేక బలమైన దాణా తినిన గుర్రమునకు కడుపునొప్పియు డెక్కవాపును వచ్చు భయము గలదు.

5. యంత్రముల మాట

శబ్దతరంగములతో చికిత్స చేయు యంత్రము: 3 మెగాహెర్ట్జ్ తల పైపొరలకును, 1 మెగాహెర్ట్జ్ తల లోతైన కండరములకును పనికివచ్చును. కాలి స్నాయువు చర్మమునకు దగ్గఱగా నుండుటచే దానికి 3 మెగాహెర్ట్జ్ తలయే తగినది. వెండ్రుకలు తరంగములను అడ్డగించును, కావున ఆ చోట గొఱిగి, జిగురులేపనము రాసి, తలను కదలించుచునే యుండవలెను. ఒకచోట నిలిపినచో లోపల కాలును.

లేసరు కాంతి యంత్రము: 500 మిల్లీవాట్లు దాటినవి నాలుగవ తరగతికి చెందును. ఇవి నల్లని చర్మముపై వేడి పుట్టించును, కంటికి మిక్కిలి అపాయకరములు. పట్టుకొనువానికి తగిన కండ్లద్దములు, గుర్రపు కండ్లకు కప్పు లేనిదే వాడరాదు. ఫలము కొంత కనబడుచున్నదని చెప్పుదురు గాని నిదర్శనము లింకను పరిమితములు.

అఘాత తరంగ యంత్రము: ఇది వైద్యుని చేతిలోనే యుండదగినది. ఇది కొన్ని దినములు నొప్పిని మఱుగుపఱచును. అందుచేతనే అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్యవారు పోటీకి ముందు 5 దినములు దీనిని నిషేధించిరి. నొప్పి తెలియని గుర్రము తన కాలిని తానే చెఱచుకొనును గదా.

అయస్కాంతపు పట్టీలు, జోళ్లు: వీనివలన స్నాయువు శీఘ్రముగా మానునని నమ్మదగిన నిదర్శనము లేదు. వీనిపై సంఘము సొమ్ము వెచ్చింపరాదు.

నీటిలో నడిపించు యంత్రము: నీరు తుంటి యెత్తున నున్నచో కాళ్లపై బరువు సుమారు 75 వంతులు శాతము తగ్గును, మోచేతి యెత్తున నున్నచో 10 మొదలు 15 శాతమే తగ్గును. గుణము కలదు గాని విద్యుచ్ఛక్తి, శుద్ధిచేసిన నీరు, శిక్షితుడైన మనిషి కావలెను. ఇది పెద్ద పందెపు గుర్రపుసాలలకును, వైద్యకళాశాలలకును తగినది. దీనికి బదులుగా చెఱువులోనికి దింపుదమనువారు కలరు. బురద అడుగు, నిటారు గట్టు కుంటి గుర్రమునకు అపాయకరములు.

6. ధనమెంతయున్నను తీరని యొక సంగతి

అమెరికాలో 2006లో కెంటకీ డెర్బీ పందెము గెలిచిన బార్బారో యను గుర్రమునకు, ఆ మాసముననే తరువాతి పందెములో వెనుకకాలు విఱిగెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్యశాలలో దానికి శస్త్రచికిత్స చేసిరి. మత్తు వదలునప్పుడు తేలియుండుటకు నీటికొలనును, వ్రేలాడదీయు పట్టీలను, సకల యంత్రములను వాడిరి. విఱిగిన ఎముక అతుకుకొనుచుండగా, బరువంతయు మోసిన మిగిలిన కాళ్ల డెక్కలు వాచి చెడెను. తుదకు 2007 జనవరి 29న దానికి బాధలేని మరణము నొసగిరి. లోకములోని మేలైన ఉపకరణములు గల చోటనే రెండవ కాలు ఇంత చేసినది. కావున బాగున్న కాలిని దినదినము చేతితో తాకి వేడిని చూచుట, క్రింద మెత్తని పడక దళసరిగా పఱచుట ఏ యంత్రమునకును తీసిపోవు పనులు కావు.

7. కొనుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

ఈ వస్తువు ఏ వ్యాధికి, ఏ దశలో పనికివచ్చును? గుర్రములపై పరీక్షించిరా, లేక మనుష్యులపై చూచి చెప్పుచున్నారా? తప్పుగా వాడినచో కలుగు హాని యేమి? మన యూరిలో విద్యుత్తు పోయినచో ఇది పని చేయునా? చెడినచో బాగుచేయువా డెంత దూరమున నున్నాడు? దీనిని వాడ నేర్చినవాడు మనలో నెవడు? ఈ ఆఱింటికి తృప్తికరమైన ఉత్తరములు రానిచో వెల యెంత తగ్గించినను కొనరాదు.

ఉమ్మడి వస్తువునకు మఱియొక నియమము గలదు. పగ్గము, బకెట్టు, గొఱుగు కత్తి, జోళ్లు ఒక గుర్రమునుండి మఱియొకదానికి పోవునప్పుడు కడిగి మందునీటితో శుద్ధిచేయవలెను. గ్లాండర్సు అను వ్యాధి గుర్రమునుండి గుర్రమునకే కాక మనుష్యునకును సోకును. ముక్కునుండి చీము కారు గుర్రమునకు ఉమ్మడి వస్తువు నీయక వైద్యునికి తెలుపవలెను.

8. సంఘము చేయదగిన పని

మా యభిప్రాయమున సంఘము తన సొమ్ముతో పైన చెప్పిన చౌక పనిముట్లను, రెండు జతల మంచునీటి జోళ్లను, దూదిపొరలను, పట్టీలను కొని యొక పెట్టెలో నుంచి, తీసికొనువారి పేరు చిట్టాలో వ్రాయుట చాలును. కట్టుబట్టలు, మంచునీరు ఎద్దుల కాలివాపులకును పనికివచ్చును. యంత్రము కావలసి వచ్చినప్పుడు దగ్గఱి పశువైద్యశాలలో అద్దెకు చేయించుకొనుట మేలు.

మిగిలిన సొమ్మును యంత్రమునకు గాక గుర్రపు విశ్రాంతికి వినియోగింపవలెను. బీదవాడు మూడవ మాసముననే బరువెత్తించుట తెలియక కాదు, ఇంటిలో గింజలు లేక. అట్టివానికి సంఘము తొమ్మిది మాసములకు స్వల్పవడ్డీపై అప్పిచ్చుటయో, మఱియొక సభ్యుని గుర్రమును వంతులవారీగా అద్దెకిప్పించుటయో చేసినచో, ఏ యంత్రమును చేయజాలని మేలు చేసినదగును. పనికిరాని స్థితిలో నున్న పశువుచే పని చేయించుట 1960 నాటి పశుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమని గూడ సభ్యులు ఎఱుగవలెను. కాని చట్టము దండించుట ఎఱుగును గాని గింజలు కొలువదు. ఆ పని సహకార సంఘమునదే.

నిదానమే ప్రధానమని పెద్దల మాట. గుర్రపు స్నాయువు విషయమున ఆ నిదానమునకు సుమారు ఒక సంవత్సరము పట్టును. ఆ సంవత్సరమును యజమాని యొక్కడే మోయనక్కఱ లేకుండ చేయుట మన చేతిలో నున్నది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, పెట్టెకు కొంత, విశ్రాంతి అప్పునకు కొంత నిర్ణయింప సభ్యులను కోరుచున్నాము.